ఉగాది కంబళి

పిళ్ళప్ప మా ఇంటికి మళ్ళీ వచ్చినది మాఘమాసంలో, ఒక ఆదివారం పొద్దున. నేను ఇంటి ముందరి జగిలి అరుగు మీద కాళ్ళు చాపుకుని పితికిపప్పు కోసం అనపగింజలు పితుకుతున్నాను. ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. ప్యాంటు, చొక్కా, జేబులో రెండు పెన్నులు, భుజాన గుడ్డసంచి. తల పూర్తిగా నెరిసిపోయింది. నాకు చూపు కొంచెం మందగించింది కదా, ఇన్సూరెన్సు కట్టించుకునే ఆయన ఎవరో అనుకున్నాను.

"మా వాడు మునినారాయణ తోటకాడికి పోయినాడప్పా. మధ్యాహ్నం రా" అన్నాను.

"నేను నీకోసరమే వచ్చినానక్కా. పిళ్ళప్పను."

ఈ పేరుతో మా చుట్టుపక్కల ఊళ్ళల్లో పదిమంది ఉంటారు. అయినా నాకు ఎవరని అడగాల్సిన పని పడలేదు. ఆ రోజుల్లో నన్ను 'అమ్మయ్యా' అనేవాడు, నేలచూపు చూస్తూ. ఇప్పుడు 'అక్కా' అన్నాడు, నా ముఖంలోకి చూస్తూ. చెప్పొద్దూ, ఆ పిలుపు నాకు చల్లగా ఉంది. వెంటనే భయమూ వేసింది.

పిళ్ళప్ప మా మామగారి కాలంలో మా ఇంట్లో జీతగాడు. ఇప్పటి పిల్లలకు జీతం అంటే నెల తిరగ్గానే బ్యాంకులో పడేది. అప్పుడు అది వేరు. వాళ్ళ నాయన ఏ పెళ్ళికో చావుకో చేబదులు తీసుకుని ఉంటాడు. అది తీరేదాకా కొడుకు మా పశువుల కొట్టంలో. తీరకుండా చూసుకోవడమే పెద్దరికం. ఎనిమిదేళ్ళవాణ్ణి తెచ్చి వదిలారంట. నేను కాపురానికి వచ్చేసరికి పదహారేళ్ళవాడు, మా రెండు జతల ఎద్దులూ వాడి గొంతు వింటేనే నడిచేవి.

కుర్చీ వేయించాను. కూర్చున్నాడు. సంచిలోంచి దారం కట్టిన కాగితాల కట్ట ఒకటి తీశాడు.

"నా బతుకు రాసినా. చిక్కబళ్ళాపురంలో అచ్చేస్తారంట. వచ్చే సోమవారం ఇయ్యల్ల."

"నువ్వు రాసినావా!"

"ఏం, కొమ్ములుండే వాళ్ళే రాయల్లనా?" అని నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు, ఎడమపక్క పెదవి ముందు లేస్తుంది. "ఇంట్లో మాట తెలుగు, నేను నేర్చింది కన్నడ అక్షరాలు. తెలుగునే ఆ అక్షరాల్లో రాసినా. మీ మనవరాలు ఆశమ్మను చదవమను. మీ మామ గురించి ఉండాది, కోపం చేసుకోవద్దు. నీ గురించి గూడా ఉండాది. ఉగాది కంబళి సంగతి. మొత్తం పుస్తకంలో ఆ ఇంట్లో ఒక మంచి మనిషి ఉన్నిందని రాసింది అదొక్కటే. పేరు పెట్టల్లని ఆశ. నీ ఒప్పుదల లేకుండా పెట్టను."

నా చేతిలో అనపగింజ నలిగిపోయింది.

"చదివించుకోనీప్పా" అన్నాను.

ఆ కంబళి సంగతి ఏమిటో చెప్తాను. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఉగాది పొద్దున వేపపువ్వు, బెల్లం తిన్నాక మామగారు జగిలి మీద నిలబడి జీతగాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి కొత్త కంబళి ఇచ్చేవాడు. కాగితం లేదు, వేలిముద్ర లేదు. కంబళి అందుకున్నాడంటే మళ్ళీ ఉగాది దాకా కట్టు. అది కప్పుకుని ఊరు దాటినవాడు కంబళి దొంగ. పట్టుకొచ్చేందుకు ఊరంతా లేచేది. మా పుట్టింట్లో, జంగమకోటెలో, ఇట్లాంటిది నేను చూడలేదు. పట్టుపురుగుల పని, ఇంటిల్లిపాదీ చేసుకునేవాళ్ళం. ఇక్కడికి వచ్చాక మూడు ఉగాదులు చూసి తెలుసుకున్నాను.

ఎమర్జెన్సీ నాటి మాట. జీతం పెట్టుకోవడం నేరమని చట్టం వచ్చింది. తాలూకా కచేరీ నుంచి మనిషి వచ్చి తమటె డప్పు కొట్టించి చెప్పించాడు. ఆ తర్వాతి ఉగాదికి కంబళి అందుకోనని, మంచేనహళ్ళి పక్కన ఉన్న వాళ్ళమ్మ దగ్గరికి పోతానని పిళ్ళప్ప అనుకున్నాడు. వాళ్ళమ్మకు కళ్ళు కనబడేవి కావు, ఒక్కతే. ఎద్దులను కడుగుతూ వాటితో చెప్పుకున్నాడంట. గోడ అవతల ఎవరో విన్నారు, మామగారికి చేరింది.

ఉగాదికి ముందురోజు మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. పిళ్ళప్పకు మూడు రోజులుగా జ్వరం. కొట్టంలో గోనెపట్ట కప్పుకుని వణుకుతున్నాడు. మా అత్తగారు లోపలి గదిలోంచి మడత విప్పని కంబళి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పోయి కప్పుపో లచ్చిమీ. మీ మామ ఇస్తే వాడు తీసుకోడు. నీ చెయ్యి అయితే వద్దనడు."

నడవాలో దూలం మీద పాత కంబళ్ళు రెండు ఉన్నాయి. ఒకటి లాగి కప్పొచ్చు. వెచ్చదనానికి ఏదైనా ఒకటే. నేను దూలం వైపు చూశాను. చూసి, కొత్తది పట్టుకునే నడిచాను.

మరుసటి రోజు మామగారు ఇద్దరు పెద్దమనుషులను కొట్టంలోకి పిలుచుకొచ్చాడు. "చూడండప్పా, కొత్త కంబళిలో పండుకోనుండాడు. ఇంక ఏడాది ఒప్పుకున్నట్టే కదా" అన్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను. పిళ్ళప్ప వాళ్ళమ్మ ఆ ఆషాఢంలో పోయింది. మట్టి చేసిన మూడో రోజుకు వాడికి కబురందింది. మరుసటి ఉగాదికి మామగారు కంబళి చాస్తే దండం పెట్టి, వెనక్కు తిరిగి, నడిచి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. ఆపేలా లేదు ఆ నడక.

ఇదీ సంగతి. మా ఆయనకు కూడా నేను చెప్పలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

నా మనవరాలు ఆశ బాగేపల్లిలో హైస్కూలు టీచరు. సాయంత్రం బస్సు దిగి, ముఖం కడుక్కుని, నా పక్కన కూర్చుని చదివేది. నాకు మూడో తరగతి చదువే, ఆ అక్షరాలు కూడబలుక్కుంటే నాకు ఏడాది పడుతుంది.

మొదటి మాటే ఇట్లా ఉంది. "నేను పుట్టిన దినం ఎవరికీ తెలీదు. నన్ను కట్టేసిన దినం ఊరంతటికీ తెలుసు."

ఆశ ఆగి నా వైపు చూసింది. "ఏం రాసినాడవ్వా ఈ తాత!"

పిళ్ళప్ప మా ఇంటినుంచి వెళ్ళాక చిక్కబళ్ళాపురం దగ్గర రాళ్ళు కొట్టాడంట. ఇరవై ఏడేళ్ళకు జీతగాళ్ళను విడిపించే సంఘంవాళ్ళ బడిలో అక్షరాలు దిద్దాడు. మొదట రాసిన మాట వాళ్ళమ్మ పేరంట. ఆ తర్వాత చట్టం పుస్తకాన్ని కూడబలుక్కుని చదివి, సైకిలు మీద ఊరూరూ తిరిగాడు. బాగేపల్లి, చింతామణి, శిడ్లఘట్ట. పొలం గట్ల మీద, ఇటుకబట్టీల దగ్గర, ఎక్కడ జీతగాడు కనబడితే అక్కడ సైకిలు ఆపి, "అన్నా, ఇది నేరం. నీది కాదు, నిన్ను పెట్టుకున్నోడిది" అని చెప్పేవాడు. చింతామణి పక్కన ఒక ఊళ్ళో సైకిలును బావిలో పడేశారు. వాణ్ణి కొట్టారు. నయమయ్యాక మళ్ళీ అదే ఊరికి, ఈసారి నడిచి వెళ్ళాడు. విడుదల పత్రాలు రాయించి ఇప్పించినవాళ్ళ పేర్లు ఒక్కటీ వదలకుండా రాశాడు. ఆశ ఆ పేర్లను దాటేసి ముందుకు పోబోతే, "చదువు తల్లీ, అన్నీ చదువు" అన్నాను.

గురువారం కంబళి దగ్గరికి వచ్చాం.

"జ్వరంలో ఉన్నా. చిన్నకోడలు వచ్చి కొత్త కంబళి కప్పింది. పదేళ్ళలో నా ఒంటి మీద పడిన మంచి చెయ్యి అదొక్కటే. ఆ కంబళిని అడ్డం పెట్టుకుని పెద్దాయన నన్ను ఇంకో ఏడాది కట్టేసినాడు. పాపం ఆ పిల్లకు ఏం తెలుసు. తర్వాత నేను ఏ పెద్దింటి గడపకు పోయినా, అందరూ చెడ్డోళ్ళే అనుకోకుండా ఆ చెయ్యి నన్ను కాపాడింది."

ఆశ కళ్ళు తుడుచుకుని నన్ను వాటేసుకుంది. "అవ్వా! ఎంత మంచిదానివే నువ్వు! ఎప్పుడూ చెప్పనే లేదే!"

పిళ్ళప్ప మామగారితో పాటు నన్నూ తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నన్ను పొగిడాడు, అదీ ఆకాశానికెత్తి.

నా కొడుకు మునినారాయణకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. గ్రామ పంచాయితీలో మెంబరు వాడు. పుస్తకం వస్తే మన పరువు ఏమవుతుందోనని ఆదివారం నుంచి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"చూసినావామ్మా? తాత సంగతి ఎట్లాగూ పాతదే, పోనీ. మాయమ్మ పేరు పుస్తకంలో వస్తాది. ఫోటో గూడా ఇద్దాం. ఆ పట్టుచీరలోది."

"ఒరే, నాకు తెలిసే కప్పినానురా" అన్నాను.

"ఏం తెలిసి?"

చెప్పాను. దూలం మీది పాత కంబళ్ళతో సహా. వాడు లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఎవురికి తెలుసు ఇది?"

"నీకు. ఇప్పుడు."

"అయితే ఇంతటితో నిలిపెయ్యి. ఆయప్ప సంతోషంగా ఉండాడు, నువ్వు సంతోషంగా ఉండు. ఇన్నేళ్ళకు తవ్వి ఏం తీస్తావు? ఆయనకే బాధ."

వాడన్నదాంట్లో నిజం లేకపోలేదు. రెండు రోజులు దాన్నే పట్టుకుని వేలాడాను. పిళ్ళప్పకు బాధ కదా, ఎందుకు చెప్పాలి? ఆ చెయ్యి తనను కాపాడిందన్నాడు కదా, దాన్ని ఎందుకు లాక్కోవాలి? అట్లా అనుకుంటుంటే తెలిసింది, ఆ రోజు కొట్టంలోకి నడుస్తూ కూడా నాకు నేను ఇట్లాగే చెప్పుకున్నాను. పాపం జ్వరం కదా, కప్పితే వెచ్చగా ఉంటుంది కదా అని.

ఆదివారం పిళ్ళప్ప వచ్చాడు. ఆశ కాగితాల కట్టను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. మునినారాయణ జగిలి స్తంభానికి ఆనుకుని నిలబడి, నన్ను చూసి కళ్ళతోనే వద్దంటున్నాడు.

"ఏమక్కా, పేరు పెట్టొచ్చునా?"

"నా పేరు పెట్టొద్దప్పా. పెట్టినా ఇంకో రకంగా పెట్టల్ల. ఆ కంబళి ఏందో నాకు తెలుసు. మా అత్త చెప్పే ఇచ్చింది, మీ మామ ఇస్తే తీసుకోడు నువ్వు ఇయ్యి అని. దూలం మీద పాతవి ఉండె. నేను కొత్తదే తెచ్చినా. నాకు ఏమీ తెలీదని రాసినావు. అది అబద్ధం పిళ్ళప్పా. నన్ను క్షమించమని అడిగేదానికి నాకు నోరు లేదు. పుస్తకంలో అబద్ధం పోకూడదని చెప్తాండా."

ఆయన ఒళ్ళో కట్ట అట్లాగే ఉంది. దాని దారాన్ని వేలితో సవరిస్తూ కూర్చున్నాడు. ఆశ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఆ ఏడే మాయమ్మ పోయె" అన్నాడు చివరికి.

"తెలుసప్పా."

"పోతా పోతా నా పేరు పిలిచిందంట. పక్కింటామె చెప్పింది."

దారం సవరిస్తున్న వేలు ఆపి, ఆయన నా వైపు తిరిగాడు.

"ఒకటి అడుగుతా. నిజం చెప్పు. నువ్వు కంబళి కప్పి వంగినప్పుడు నా చెంప మీద నీళ్ళు పడినాయి. వేడిగా ఉండె. వాననీళ్ళు కాదు. దాన్ని నేను పుస్తకంలో గూడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. అట్ల ఏడవమని గూడా మీ అత్తే చెప్పిందా?"

"లేదప్పా" అన్నాను. "అది ఎవరూ చెప్పలేదు. అది నాది."

తల ఊపాడు. కట్టను సంచిలో పెట్టుకున్నాడు. పోయొస్తానని కూడా అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"చాలునామ్మా? ఇప్పుడు నీకు చల్లగా ఉండాదా?" అన్నాడు మునినారాయణ. కసిరాడనే అనుకున్నాను, కానీ నా భుజం మీద చెయ్యి వేశాడు.

సోమవారం గడిచింది. పుస్తకం అచ్చుకు పోయిందో లేదో తెలీదు. ఆశ రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. నేను జగిలి మీద కూర్చుని ప్రతి బస్సుకూ తల ఎత్తేదాన్ని. మా ఊరికి రోజుకు నాలుగే బస్సులు, లెక్క తప్పే పనిలేదు. గురువారం సాయంత్రం ఆశ ఫోను మోగింది.

"అవ్వకు ఇయ్యమ్మా" అన్నాడంట.

"అక్కా, అచ్చుకు ఇయ్యలేదు. ఆదివారం వస్తా. మొదటినుంచి చెప్పల్ల నువ్వు. మెల్లగా."

ఆదివారం పొద్దున పదింటికి వచ్చాడు. ఈసారి జగిలి మీద కాదు, పశువుల కొట్టం ఎక్కడుండేదో చూపించమన్నాడు. దాన్ని కొట్టేసి ఇప్పుడు ట్రాక్టరు షెడ్డు కట్టాం. షెడ్డులో చాప వేయించుకుని కూర్చుని, తెల్లకాగితాలు తొడ మీద పెట్టుకుని, నన్ను చెప్పమన్నాడు.

నేను చెప్తుంటే మధ్యలో ఆపేవాడు. వడగళ్ళు ఆగాయా, పడుతూనే ఉన్నాయా? నడవాలో దూలం ఏ పక్క ఉండేది? మా అత్త 'వద్దనడు' అన్నప్పుడు నవ్విందా? నేను దూలం వైపు ఎంతసేపు చూశాను?

"ఎంతసేపని చెప్పల్ల? ఒక ఊపిరి తీసుకున్నంత."

"ఒకటా, రెండా?"

"పోలీసోళ్ళు గూడా ఇట్ల అడగరు కదప్పా!"

"పోలీసోళ్ళు రాసేది వేరే పుస్తకం" అన్నాడు తలెత్తకుండానే.

మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే, "ఇంకొంచెమక్కా, ఐపోయె" అన్నాడు. అట్లా మూడుసార్లు అన్నాడు. ఆ ఇంట్లో ఆయన చెప్తే నేను చేయడం అదే మొదలు. కష్టంగానే ఉంది, కానీ లేవబుద్ధి కాలేదు.

రెండున్నర దాటాక పెన్ను మూసి, రాసిందంతా చదివాడు. నా మాటలు నావిగానే ఉన్నాయి. వాన, కంబళి, దూలం, అత్తగారి మాట, తలుపు వెనక నేను. చెంప మీద పడిన చుక్క కూడా ఉంది. వినలేక నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. చివర్లో ఒక మాట ఆయన తనంతట రాసుకున్నాడు. "ఆమెది అప్పుడు తెలిసీ తెలియని వయసు."

"అది కొట్టెయ్యప్పా" అన్నాను.

"ఏంటికి? ఇరవై ఏళ్ళ పిల్లవు. ఆ ఇంట్లో నీ మాట ఎవరు వినేవాళ్ళు?"

"వినరు. అది వేరే. నాకు తెలుసునా లేదా అంటే తెలుసు. తెలిసిన వయసే. నీ మనసు మంచిదని నాకు మళ్ళీ కంబళి కప్పొద్దు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ గీత గీయడానికి ఆయనకు ఎంత కష్టమైందో నేను దగ్గరగా ఉండి చూశాను. పెన్ను కాగితం మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఆ మాటను మెల్లగా కొట్టేశాడు. దాని కింద "ఆమెకు తెలుసు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత ఆమే నాకు చెప్పింది. లక్ష్మీదేవమ్మ" అని రాశాడు.

"పేరు పెట్టినా. ఒప్పుకుంటావా?"

"ఇప్పుడైతే పెట్టుకో."

మూడున్నర బస్సుకు పోవాలన్నాడు. నేనూ లేచాను. నీకెందుకక్కా అంటున్నా వినకుండా బస్టాపు దాకా నడిచాను. వీధిలో జనం చూస్తున్నారు. మునినారాయణ గేటు దగ్గర నిలబడి, "చెప్పులు వేసుకోనైనా పోమ్మా" అని నా చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టాడు.

"అక్కా, నాకు ఇంకా కోపం ఉండాది" అన్నాడు పిళ్ళప్ప దారిలో.

"ఉండనీప్పా."

"ఎప్పుడు పోతాదో చెప్పలేను. పోతాదో లేదో గూడా."

"నాకు అరవై ఎనిమిది. ఈ వయసులో నాకేం తొందర లేదు, నువ్వు నిదానంగానే చూసుకో."

ఎడమపక్క పెదవి లేచింది. నవ్వాడనే అనుకుంటున్నాను, ఎండ కళ్ళలో పడుతోంది, సరిగ్గా కనబడలేదు. బస్సు వచ్చింది. కండక్టరు "చిక్కబళ్ళాపుర, చిక్కబళ్ళాపుర" అని అరుస్తూ ఎక్కండి ఎక్కండి అంటున్నాడు. పిళ్ళప్ప ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని, కాగితాలు నలగకుండా రెండు చేతులూ దాని మీద వేసుకున్నాడు.

"రేపు అచ్చుకు ఇస్తానక్కా!" అన్నాడు కిటికీలోంచి.

"ఇయ్యప్పా" అన్నాను. బస్సు కదిలింది.